ఆగమ్మ మందుముద్ద

గౌలిపురల ఆగమ్మ నోటికి భయపడనోడు లేడు. పొద్దుగాల నాలుగింటికి ఆమె నోరు తెరిచిందంటే ఇగ గల్లీల కోడితోని పని లేదు. బర్రెను తిట్టేది, బర్రె తోకను తిట్టేది, నీళ్ళు రాకపోతే నల్లాను తిట్టేది. తిట్టకుండ ఊకున్నదంటే ఆ మనిషిని పరాయోడి కింద లెక్కగట్టిందని అర్థం. ఆమె అసుంటి మనిషి మరి, ఏం జేస్తం.

పన్నెండేండ్లకు గుండయ్యను చేసుకొని ఆ ఇంటికి వచ్చింది. ముప్పై దాటకముందే ఆయన కామెర్లతోని పోయిండు. ఆరు బర్రెలు, ఒక కొడుకు మిగిలిన్రు. బర్రెలను అమ్ముకొని పుట్టింటికి పొమ్మని చుట్టాలు అన్నరు. ఆమె పోలేదు. తెల్లారకముందే పాలు పిండి, క్యాను నెత్తిన పెట్టుకొని పత్తర్‌గట్టి దాక నడిచి, హోటళ్ళకు, దుకాణాల మీది ఇండ్లకు పోసి వచ్చేది. ఒకపారి ఒక సేఠు పాలల్ల నీళ్ళు కలిపినవని నోరుజారిండు. ఆగమ్మ మారుమాట అనకుండ క్యానుల పాలన్ని ఆయన దుకాణం మెట్ల మీద ఒంపి, నీళ్ళు ఏడున్నయో ఏరుకొమ్మని చెప్పి వచ్చింది. తర్వాత ఆ సేఠు భార్య ఇంటికొచ్చి బతిమిలాడినా ఆ గుమ్మానికి చుక్క పొయ్యలేదు.

గుండయ్య పోతపోత ఆస్తులేం ఇయ్యలేదు గని, ఒక ఇకమతు, మందు మింగిచ్చే ఉపాయం, నేర్పిపోయిండు. మందు చేదు తెలిస్తే బర్రె నాలుకతోని బయటికి తోసేస్తది. గందుకని ఇంత గోధుమపిండి, ఇంత బెల్లం పిసికి ముద్ద జేసి, మందును దాని కడుపుల దాచి, నాలుక ఎనకకు పెట్టాలె. కొట్టంల దూలానికి ఒక రేకుడబ్బ ఏలాడేది. దాంట్ల పిండి, బెల్లం ఎప్పటికీ ఉండేటివి. గల్లీల ఎవలి బర్రెకు జబ్బుచేసినా ఆగమ్మను పిలిచేటోళ్ళు. ఆమె చేతి ముద్దను ఏ బర్రె ఉమ్మలేదు. ఆ ముచ్చట చెప్పేటప్పుడు ఒక్కటే ఆమె మొఖం మీద జర నవ్వు కనబడేది.

కొడుకు మొగులయ్య పెద్దగై బస్సు డిపోల మెకానిక్కు అయిండు. మలక్‌పేటల గుర్రాలు చూసుకునే ఆయన బిడ్డ నీలమ్మను తెచ్చి చేసింది. అత్త నోరెంత పెద్దదో కోడలి నోరు అంత చిన్నది. పది మాటలకు ఒక్క మాట గూడ తిరిగి అనకపోయేది. వాళ్ళకు ఒక్కతే బిడ్డ, సావిత్రి.

ఆ పిల్ల తోనే ఆగమ్మ బతుకుల అసలు లొల్లి మొదలైంది. ఏడేండ్లు వచ్చినయి గని నాలుగేండ్ల పిల్లంత ఉండేది. కడుపు ఉబ్బి, చేతులు పుల్లలై, కాళ్ళు మోకాళ్ళ కాడ బయటికి వంగిపోయినయి. పొద్దుకు నాలుగు పార్లు విరేచనం. నాలుగడుగులు నడిస్తే ఎముకలు గుంజుతున్నయని కూలబడి ఏడ్చేది. మొగులయ్య చూపియ్యని డాక్టర్ లేడు. ప్రతి ఒక్కడు ఎముకల్ల బలం లేదనేటోడు, క్యాల్షియం గోళీలు రాసేటోడు, డి విటమిన్ చుక్కలు రాసేటోడు. రాసి, కండ్లద్దాల మీదికెల్లి చూసుకుంట ఒక్క మాట అడిగేటోడు: పిల్లకు పాలు పొయ్యరా?

గా మాట ఆగమ్మకు కడుపుల కత్తి దించినట్టుండేది. బర్రెలున్న ఇంట్ల పుట్టిన పిల్ల. ఆమె చేత్తోని నురుగు తగ్గకముందే గిలాస నిండ పోసి తాపేది. అయినా కాళ్ళు వంగినయి. నల్లా కాడ ఆడోళ్ళు గుసగుసలు పెట్టిన్రు. ఊరంత పాలు పోసి ఇంట్ల పిల్లకు గంజి పోస్తున్నరని ఒకామె, ఆ పాలల్లనే సారం లేదని ఇంకొకామె. ఆగమ్మ చెవుల పడ్డది. ఆ పొద్దు నల్లా కాడ ఎవలి బిందె నిండలేదు.

పిల్లకు కడుపు పోతున్నదని అందరు ఒక్క మాటే చెప్పిన్రు. అన్నం సలువ, బంద్ జెయ్యండ్రి, గోధుమ రొట్టె పెట్టండ్రి, గట్టి తిండి అన్నరు. ఆగమ్మ ఏరి ఏరి మంచి గోధుమలు తెచ్చి, కడిగి ఎండబెట్టి, గిర్నీల దగ్గర నిలబడి పట్టిచ్చింది. పొద్దుగాల గోధుమ జావ, పగటీలి రొట్టె. ఇంట్ల మిగిలినోళ్ళు జొన్నరొట్టె తిని, పిల్లకు గోధుమ రొట్టెలు నెయ్యి పూసి పెట్టిన్రు. మూడేండ్లు గట్లనే నడిచింది.

ఎనభై సంవత్సరం ఆషాఢంల సర్కారు దవాఖానకు కొత్తగ సూర్యప్రభ అనే డాక్టరమ్మ వచ్చింది. ఆమె పాల ముచ్చట అడగలేదు. పిల్ల కడుపు ముట్టి చూసింది, ఏం తింటున్నదో అడిగింది, సన్న గొట్టానికి తగిలిచ్చిన చిన్న డొల్ల ఒకటి మింగిచ్చి పేగులకెల్లి పిసరంత ముక్క తీసి పరీక్షకు పంపింది. పది దినాల తర్వాత కూసోబెట్టి చెప్పింది. దీన్ని సీలియాక్ అంటరు. ఈ పిల్ల పేగుకు గోధుమ పడదు. గోధుమ తిన్నప్పుడల్లా పేగు లోపలి పొర ఒరుసుకపోతది. పొర లేని పేగుల ఎన్ని పాలు పోసినా, ఎన్ని గోళీలు ఏసినా ఓటికుండల పోసినట్టే, ఒంటికి పట్టదు. గోధుమ పూర్తిగ బంద్ జేస్తే పేగు మానుతది, గప్పుడు క్యాల్షియం, డి విటమిన్ ఎముకకు చేరుతయి. గోధుమ రొట్టె, పూరీ, బ్రెడ్డు, బిస్కెట్, రవ్వ, సేమియా ఏదీ పెట్టొద్దు. అన్నం, జొన్న, మక్క పెట్టుకోవచ్చు.

డాక్టరమ్మ ఇంకో మాట గూడ అన్నది. ఎముక గిట్లనే మెత్తగ ఉండి కాళ్ళు ఇంక వంగితే, కోసి, ఎముక విరిచి సరిచెయ్యాలె. శివరాత్రి దాక చూద్దాం, అప్పటికీ మార్పు లేకపోతే ఆపరేషన్ అన్నది.

ఎముక విరిచుడు అన్న మాట ఇన్నంక ఆగమ్మకు ఇగ వేరే ఏదీ ఇనబడలేదు. దవాఖానకెల్లి సక్కగ, మూడేండ్లు గోళీలు రాసిన గల్లీ డాక్టర్ కాడికి పోయి, బెంచీల మీద కూసున్న రోగులందరి ముందట ఆయన ఏడు తరాలను బజార్ల నిలబెట్టింది. ఇంటికొచ్చి గోధుమపిండి డబ్బా, రవ్వ డబ్బా గల్లీల బోర్లిచ్చింది. జల్లెడ విరగ్గొట్టింది. గోధుమ తాకిన పెనం ఇంట్ల ఉండొద్దని కొత్త పెనం తెప్పిచ్చింది. అవ్వ ఒక్కపారి అనుకుంటే ఇగ అంతే అని మొగులయ్య మురిసిండు.

గోళీల కాడ కష్టమొచ్చింది. మునుపటివి చిన్నయి, డాక్టరమ్మ రాసినయి పెద్దయి. పొద్దుకొకటి, మాపుకొకటి. తెల్లగ, మందంగ, సుద్దముక్క లెక్క ఉండేటివి. నీలమ్మ నీళ్ళతోని మింగిస్తే పిల్ల గొంతుల పట్టుకొని కక్కింది. నలిపి చెంచతోని పోస్తే ఇసుక లెక్కున్నదని ఉమ్మింది. ఆగమ్మ కోడలి చేతుల గోళీల పొట్లం గుంజుకున్నది. నలభై ఏండ్ల సంది నోరులేని జీవాలకు మందు మింగిచ్చిన చెయ్యి ఇది, నీకేం తెలుసు అన్నది. నీలమ్మ పొద్దుగాల నల్లా కాడికి పోయిన యాళ్ళకు ఆగమ్మ పిల్లను కొట్టంలకు పిలిచి తన తీరుగ పెట్టేది. మాపటీలి పాలు పిండేటప్పుడు గూడ గంతే. రెండు దినాలల్ల పిల్ల తనంత తనే ఉరికొచ్చి నోరు తెరవబట్టింది.

దసరాకు దవాఖానకు పోయిన్రు. డాక్టరమ్మ కాంట మీద నిలబెట్టింది. పావు కిలో గూడ పెరగలేదు. ఎముకల ఫొటో తీపిచ్చింది. ముందటి లెక్కనే ఉన్నది. ఆమె కండ్లద్దాలు తీసి, "మీ ఇంట్ల ఎవరో గోధుమ పెడుతున్నరమ్మా. తెలిసో తెలియకో, రోజూ పెడుతున్నరు" అన్నది.

అగ్గి మీద గుగ్గిలం పడ్డది. ఆ దినం సంది ఆగమ్మ పోలీసోడి లెక్క తిరిగింది. ముందు బడి మీద పడ్డది. బడిల పగటీలి గోధుమ నూక ఉప్మా పెడుతరు. పంతులమ్మ పిల్లకు పెట్టలేదని ఒట్టేసినా ఇనలేదు, పిల్లను బడే మానిపిచ్చింది. మూలమీది బేకరీ ఆయన ఈ పిల్లకు ఎప్పుడన్న ఒక్క బన్ను ముక్క ఇచ్చినవా అంటే ఆయన ఖురాను మీద ఒట్టు పెట్టిండు. గుడికాడ కేసరి ప్రసాదం పంచిన సత్తెమ్మ చేతిల పళ్ళాన్ని ఎగరగొట్టింది. సత్తెమ్మ పెద్ద మనిషి, నలభై ఏండ్ల దోస్తు. దేవుని ప్రసాదం మట్టిల పడ్డదని ఏడ్చుకుంట ఇంటికి పోయింది. అయినా పిల్లకు కడుపు పోవుడు ఆగలేదు.

దీపావళి దాటినంక ఒక పొద్దు ఆగమ్మ ఇల్లంత సోదా జేసింది. నీలమ్మ ట్రంకుపెట్టెల చీరెల కింద బిస్కెట్ పొట్లం దొరికింది. సగం ఒడిసింది.

నీలమ్మ అప్పుడు నల్లా కాడ లైనుల ఉన్నది. ఆగమ్మ ఆ పొట్లం పట్టుకొని అక్కడికే పోయింది. ఇరవై మంది ఆడోళ్ళు సూస్తుండగ ఆ పొట్లం కోడలి మొఖాన కొట్టింది. కంచే చేను మేస్తే ఇగ కాపలా ఎవ్వలు కాయాలె అన్నది. కన్నతల్లివి గాదు, దొంగవు అన్నది. పిల్ల కాళ్ళు విరిస్తే నీ కడుపు సల్లబడుతదా అన్నది. నీలమ్మ బిందె కింద పెట్టి, ఆ బిస్కెట్లు నేను తిన్న, పొద్దుగాల రెండు గంటలు లైనుల నిలబడితే కండ్లు తిరుగుతున్నయి, చాయల అద్దుకొని తిన్న, బిడ్డకు ఒక్క ముక్క పెట్టలేదు అని చెప్పింది. ఆమె అట్ల నాలుగు మాటలు వరుసగ మాట్లాడంగ గల్లీల ఎవ్వలు ఎన్నడు ఇనలేదు. ఆగమ్మ గూడ ఇనలేదు, చెవులు మూసుకొని ఒర్లుతనే ఉన్నది.

పొద్దెక్కినంక నీలమ్మ బిడ్డను సంకనేసుకొని, గోళీల పొట్లం, చుక్కల సీసా కొంగున కట్టుకొని మలక్‌పేట పోయింది. మొగులయ్య అటు అవ్వకు చెప్పలేక, ఇటు పెండ్లాన్ని ఆపలేక డ్యూటీకి పోయిండు. పొమ్మన్నది ఆగమ్మనే. శివరాత్రికి దవాఖానల తేలుతది గదా, ఎవలు దొంగనో డాక్టరమ్మనే చెప్పుతది అన్నది. అన్నది గని, మాపటీలి పాలు పిండేటప్పుడు చేతులు ఊకె ఆగినయి. కొట్టం గుమ్మంల నోరు తెరిచి నిలబడే పిల్ల లేకపాయె. ఆ కోపం గూడ నీలమ్మ మీదనే పెట్టుకున్నది.

మూడు నెలలు కోపాన్నే నమ్ముకొని బతికింది. పాలు పోసే ప్రతి ఇంటి ముందట కోడలి కథ చెప్పింది. పిల్ల మలక్‌పేటల ఇంక ఎండిపోతున్నదని, తల్లిగారింట్ల ఇష్టమొచ్చినట్టు రొట్టెలు మేపుతున్నరని తనకు తనే ఖాయం చేసుకున్నది. శివరాత్రికి ముందటి సోమవారం పిల్లను చూపిచ్చే దినమని తెలిసి, చెప్పకుండ దవాఖానకు పోయింది. డాక్టరమ్మ ముందటనే దొంగను పట్టుకోవాలని అర్ర తలుపు తోసుకొని లోపలికి పోయింది.

పిల్ల కాంట మీద నిలబడి ఉన్నది. ఆగమ్మ జరసేపు గుర్తుపట్టలేదు. బుగ్గలు వచ్చినయి. కడుపు లోపలికి పోయింది. మూడు కిలోలు పెరిగిందని డాక్టరమ్మ చెప్పుతున్నది. ఎముకల ఫొటోను కిటికీ ఎలుగుకు పట్టి, మోకాలి కాడ కొత్తగ వచ్చిన తెల్లగీతను నీలమ్మకు చూపిస్తున్నది. ఇది కొత్త ఎముక, క్యాల్షియం ఇప్పుడు పడుతున్నది, గిట్లనే ఉంటే ఆపరేషన్ ముచ్చటే లేదు, కాళ్ళు వాటంతట అవే సక్కగైతయి అంటున్నది. ఆగమ్మ గుండె నిండిపోయింది. అంతల్నే ఒక మాట తట్టింది. మరి దొంగ ఎవలు?

డాక్టరమ్మ గూడ గదే అడిగింది. అక్కడ లేనిది ఇక్కడ ఏం మారిందని. నీలమ్మ ఏం మారలేదన్నది. అదే అన్నం, అవే జొన్నరొట్టెలు, అవే గోళీలు, పెరుగన్నంల నలిపి పెడుతున్న అన్నది.

కాంట దిగుకుంట సావిత్రి మూతి ముడిచింది. "పెరుగన్నంల మంచిగుండది. నాయనమ్మ ముద్దనే తియ్యగుంటది."

"ఏం ముద్ద తల్లీ?" అన్నది డాక్టరమ్మ.

"బర్రెకు పెడ్తది సూడు, పిండి, బెల్లం. గోళీ దాంట్ల పెట్టి నాకు గూడ పెడ్తది. పొద్దుగాలొకటి, మాపటీలొకటి."

డాక్టరమ్మ ఆగమ్మ దిక్కు తిరిగి, ఏ పిండి అని మెల్లగ అడిగింది. కొట్టంల దూలానికి ఏలాడే రేకుడబ్బ ఆగమ్మ కండ్ల ముందటికి వచ్చింది. ఇంట్ల గోధుమ అన్నదాన్నంత గల్లీల పోసింది. ఆ డబ్బ ఆమెకు యాదికే రాలేదు. అది తిండి గాదు గదా. అది బర్రెల మందు సామాను. మందుకు చుట్టే గుడ్డ తిండి ఎట్లయితది?

"గోధుమపిండి" అన్నది.

కుంకుడుకాయంత ముద్ద అయినా, పొద్దుకు రెండు పార్లు పెడితే ఆ పేగు మానదని డాక్టరమ్మ చెప్పింది. క్యాల్షియాన్ని దేంట్ల చుట్టిన్రో అదే దాన్ని ఒంటికి పట్టకుండ ఆపిందని చెప్పింది. తిట్టలేదు. తిడితే బాగుండు అనిపిచ్చింది ఆగమ్మకు. తనను తాను తిట్టుకుందామంటే, ఊరి మీద వాడి వాడి తిట్లన్ని అరిగిపోయినయి.

బయట వరండల నీలమ్మ ఆగింది. ఆమె కండ్లు ఎర్రగున్నయి, నీళ్ళు మాత్రం లేవు.

"అత్తా, ఇరవై మందిల నన్ను దొంగ అన్నవు. కన్నతల్లిని గాదన్నవు. నా బిడ్డ నెలలకు నెలలు నీ చేతి ముద్ద తిని ఏడ్సింది. ఇప్పుడు ఎవలిని తిడ్తవ్? చెప్పు, ఎవలిని?"

ఆగమ్మ గోడకు ఆనుకున్నది. ఇంటికి రమ్మన్నది.

నీలమ్మ ఊకెనే రానన్నది. "నల్లా కాడ అన్నవు, నల్లా కాడనే చెప్పు. రేపు పొద్దుగాల బిందె పట్టుకొని వస్త. నువ్వు చెప్తే ఇంట్లకొస్త. చెప్పకపోతే ఖాళీ బిందెతోనే మలక్‌పేట పోత. ఇగ గోళీలు నా చేతిలనే ఉంటయి."

ఆ మాపు ఆగమ్మ కొట్టంల రేకుడబ్బ దించింది. పిండిని కుడితి గోలెంల ఒంపింది. ఊరందరికి శకునం చెప్పే బల్లి తనే పోయి కుడితిల పడ్డదంట, ఆ బల్లిని నేనే గదనే అని బర్రెతోని చెప్పింది. డబ్బను మూడు పార్లు తోమి, దాంట్ల జొన్నపిండి పోసింది. ఇంటికొచ్చిన కొడుకుతోని, రేపు సైకిల్ మీద పెండ్లాన్ని, బిడ్డను తోలుకరమ్మన్నది. మొగులయ్య ఆ మాపే సైకిల్ చక్రాలకు గాలి కొట్టుకున్నడు.

తెల్లారంగ నల్లా కాడ లైను ఎప్పటి లెక్కనే ఉన్నది. మొగులయ్య సైకిల్ వచ్చి మూల మీద ఆగింది. నీలమ్మ దిగి, బిందె పట్టుకొని లైను చివర నిలబడ్డది. సావిత్రి సైకిల్ మీదనే కూసున్నది. ఆగమ్మ ముందటికొచ్చి నల్లా పక్కన నిలబడ్డది. జనం ఇయ్యాల ఎవలి వంతో అన్నట్టు తలలు దించిన్రు.

"ఇనుండ్రి" అన్నది ఆగమ్మ. తిట్టేటప్పటి గొంతే, గల్లీ మొత్తం ఇనబడే గొంతు. "నా మనవరాలికి గోధుమ పెట్టింది నా కోడలు గాదు. బేకరీ ఆయన గాదు. సత్తెమ్మ గాదు. నేను. బర్రెకు పెట్టినట్టు గోళీని పిండిముద్దల పెట్టి, ఈ చేత్తోనే పెట్టిన. పెట్టి, దొంగను ఊరంత ఎతికిన. ఇప్పుడు అనుండ్రి, ఎవలు ఏమంటరో అనుండ్రి. ఇంట."

సత్తెమ్మ కొంగుతోని మూతి తుడుసుకొని పక్కకు చూసింది. నల్లా కింద ఎవలిదో బిందె నిండి పొర్లుతున్నది. ఒక్కరన్న తిడితే మాటకు మాట దొరుకుతుండె. ఆ సప్పుడు లేని లైను ముందట ఆగమ్మ ఒక్కతే చేతులు ఏలేసుకొని నిలబడ్డది, కోపం ఈపారి మొత్తం తన మీదనే.

లైనోళ్ళు నీలమ్మకు దారి ఇచ్చిన్రు. ఆమె ముందటికొచ్చి, పొర్లుతున్న బిందె తీసి, తన బిందె పెట్టింది. అది నిండేదాక అత్త మొఖం చూడలేదు.

"బిందె నిండింది. జర పక్కకు జరుగు అత్తా" అన్నది.

ఆగమ్మ జరిగింది.